తాళం ఎక్కడ వేయాలి: నెట్ డబ్బాకా, పిల్లాడి ఫోన్‌కా?

కోనసీమలో చాలా ఇళ్లకి ఇంటర్నెట్ రెండు దారుల్లో వస్తుంది: గోడకు బిగించిన ఫైబర్ డబ్బా, ఫోన్‌లో సిమ్. పిల్లలకి చెడ్డవి కనపడకుండా ఒక దారికి వేసిన తాళం రెండోదానికి పనిచేయదు.

డబ్బాకు తాళం వేయడం తేలిక. సెట్టింగుల్లో డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే సేవ) దగ్గర 1.1.1.3 అని కొట్టాలి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో తెచ్చిన ఈ ఉచిత సేవ అశ్లీల సైట్లను, వైరస్ సైట్లను పేరు చూసి ఆపేస్తుంది. చేతకాకపోతే కేబుల్ అబ్బాయిని అడగండి. టీవీ, ట్యాబ్, పండక్కొచ్చిన చుట్టాల ఫోన్లు, వైఫై వాడేవన్నీ దీని కిందకే వస్తాయి. కానీ యూట్యూబ్ లోపల ఏ వీడియో నడుస్తోందో దానికి పట్టదు. పైగా వైఫై ఆపి సిమ్ డేటా వేసుకుంటే తాళం ఉన్నా లేనట్టే. ఏడో తరగతి పిల్లలకి ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పిల్లల ఫోన్‌ని పెద్దవాళ్లు తమ ఫోన్ నుంచే అదుపు చేసే యాప్ గూగుల్ ఫ్యామిలీ లింక్. అది అలా కాదు, ఫోన్‌తోపాటే తిరుగుతుంది. ఏ యాప్ ఎక్కించాలన్నా పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి మూతపడాలి అన్నదీ మనమే పెట్టొచ్చు. మన వైపు ఇళ్లకి ఇది బాగా నప్పుతుందని నేననేది ఇంకో కారణానికి. తల్లి కువైట్‌లో, పిల్లలు రాజోలులో అమ్మమ్మ దగ్గర ఉన్న కుటుంబాలు ఎన్ని లేవు! ఆ తల్లి అక్కడి నుంచే ఇదంతా చూసుకోవచ్చు, అమ్మమ్మకి సెట్టింగుల టెన్షన్ ఉండదు. ఒకటే జాగ్రత్త: అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదిన్నర. మూతపడే వేళ తొమ్మిదికి పెడితే అమ్మ వీడియో కాలే పోతుంది.

చిక్కల్లా పిల్లలు తాతయ్య ఫోన్ వాడే ఇళ్లలోనే. ఫ్యామిలీ లింక్ పిల్లల ఖాతాని పట్టుకుని ఉంటుంది, తాతయ్య ఖాతా జోలికి పోదు. అక్కడ ఆ ఫోన్‌లోనే ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అనేచోట family.cloudflare-dns.com అని కొట్టండి. సిమ్ డేటాకీ వర్తిస్తుంది. యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను చాలావరకు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ వేయండి. యూపీఐ పిన్ మాత్రం మనవడి ముందు కొట్టొద్దని తాతయ్యకి చెప్పాలి, ఆయన వినరనుకోండి, అయినా చెప్పాలి.

నన్నడిగితే, పిల్లలకి సొంత ఫోనుంటే ఫ్యామిలీ లింకే మేలు. లేకపోతే ముందు తాతయ్య ఫోన్, తర్వాతే డబ్బా.

ఆటల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు మాటలు కలిపితే డీఎన్ఎస్ తాళమూ, ఫ్యామిలీ లింకూ రెండూ వినవు. వాయిస్ చాట్ ఆపించి, ఆట హాల్లోనే ఆడమనండి. ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా ముందు స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేసి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, అదీ వెంటనే.