సంత్రా తొక్కల నూనె డబ్బా కొనబోయే హోటలువాళ్ళూ, ఆగండి

మహారాష్ట్రలో బల్లార్ష, రాజురా, అహేరి, సిరోంచ వైపు టిఫిన్ హోటళ్ళు, మెస్సులు నడిపే మన తెలుగువాళ్ళందరికీ ఇది. స్కూటరుకు డబ్బాలు కట్టుకుని తిరిగే ఆయన ఎవరో మీకు చెప్పనక్కరలేదు. "నాగపూర్ వైపు జ్యూస్ తీశాక పారేసే సంత్రా తొక్కల నూనె అన్నా, చుక్క నీళ్ళు కలపలేదు, కూరగాయలు తరిగే చెక్క మీద ఒక్క క్రిమి మిగలదు" అంటాడు. లీటరు 900 రూపాయలు. ఐదు లీటర్ల డబ్బాకు 4,500 లెక్కపెట్టి చేతిలో పెట్టాను. బిల్లు రేపు ఇస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

మా మేనకోడలు చంద్రపూర్‌లో మైక్రోబయాలజీ చదువుతోంది. మూత తీసి వాసన చూసి నవ్వింది. పిల్లలు చప్పరించే నారింజ బిళ్ళల వాసన! గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే పైన తేలలేదు, పాలలా తెల్లబడలేదు, చక్కగా కలిసిపోయింది. నూనె నీళ్ళలో అలా కలుస్తుందా? తొక్క నూనెలో నూటికి తొంభై పాళ్ళ దాకా ఉండేది లిమొనీన్. అది థర్మోకోల్‌ను కరిగిస్తుంది. ఈయనగారి నూనె థర్మోకోల్ పళ్ళెం మీద నుంచి బుద్ధిగా జారిపోయింది, మచ్చ కూడా పడలేదు.

డబ్బా తిరిగి తీసుకోమని పిలిచాను. పొద్దున ఇడ్లీల రద్దీ వేళ వచ్చాడు. అమ్మేటప్పుడు మాటకు ముందు ఒక 'అన్నా', మాటకు వెనక ఒక 'అన్నా'. ఇప్పుడు కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, తింటున్నవాళ్ళందరికీ వినిపించేలా, "ఏమయ్యా, ఇడ్లీలు అమ్ముకునేవాడివి, నాకు సైన్సు చెబుతావా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. పోయిన డబ్బు సంగతి సరే, ఆ 'ఏమయ్యా' మాత్రం ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటోంది. వెళుతూ వెళుతూ మా ప్లేటులో వడ కూడా ఒకటి తీసుకున్నాడు, మహానుభావుడు.

అడిగినవాళ్ళకు ఫోనులో ఒక ఫోటో చూపిస్తాడు. గాజు పళ్ళెంలో నూనెలో ముంచిందట, చిన్న కాగితపు బిళ్ళ, చుట్టూ క్రిములు పెరగని వలయం. కింద స్టెఫిలోకాకస్ అని ఒక క్రిమి పేరు రాసి ఉంది. తొక్క నూనెకు దాన్ని అణిచే శక్తి ఉన్న మాట నిజమేనట. కానీ మన వంటింటికి అసలు భయం కడుపు చెడగొట్టే ఈ.కోలై, సాల్మొనెల్లా క్రిములు. వాటికి బయట ఇంకో పొర ఉంటుంది కాబట్టి అంత సులువుగా లొంగవు. అయినా ఆ వలయం ఈ డబ్బా ద్రవంతో వచ్చిందని ఎవరు చూశారు? 1999లో జర్మనీ పరిశోధకులు పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం సీసాలు ఆరు పరీక్షించారు. క్రిములను చంపిన ఐదింటిలోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే రసాయనం బయటపడింది. అది లేని ఆరో సీసా ఏమీ చేయలేకపోయింది. మన స్కూటరు మహాశయుడు ఆ రసాయనం ఖర్చు కూడా పెట్టుకున్నట్టు లేడు.

ఆయన వస్తే ముందు బిల్లు అడగండి, తర్వాత థర్మోకోల్ ముక్క బయటికి తీయండి. చెక్కలకు మేము మళ్ళీ సబ్బు, మరిగే నీళ్ళే వాడుతున్నాం. డబ్బా కౌంటరు పక్కనే ఉంచాను, వాసన చూడాలనుకుంటే రండి.