ఎన్‌వీడీఏ స్పీచ్ వ్యూయర్: మూడేళ్లు వాడినాక

ఎన్‌వీడీఏ అంటే తెర మీద ఉండేదాన్ని చూపు లేనోళ్లకి చదివి వినిపించే విండోస్ స్క్రీన్ రీడర్. అది ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తా. నాకు ప్రాణం మాత్రం దాంట్లో ఉండే స్పీచ్ వ్యూయరే. కర్నూల్లో ఇంటి నుంచే వెబ్ పేజీలు స్క్రీన్ రీడర్‌తో సరిగ్గా పనిచేస్తాయా అని చూసే టెస్టింగ్ పని చేస్తాన్నా, పిల్లోడు మధ్యాహ్నం పండుకున్నాడంటే సౌండ్ పెట్టేకి లేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వాడు ఏడ్చేది వినపడదు. టూల్స్ మెనూలో దీన్ని ఆన్ చేస్తే రీడర్ పలికేదంతా చిన్న విండోలో అక్షరాలుగా వస్తాంటుంది. మౌస్ ఆ విండో మీద పెడితే లైన్లు కదలకుండా ఆగుతాయి, వాటిని కాపీ చేసి బగ్ టికెట్లో, అంటే తప్పు ఉందని డెవలపర్లకి రాసే రిపోర్టులో, పేస్ట్ చేస్తే సరి. "బటన్ అంటాంది గానీ దేని బటనో చెప్పలే" అని ఎంత మొత్తుకున్నా వినని డెవలపర్లు ఆ లైను చూస్తే మారు మాట్లాడకుండా సరిచేస్తారు.

రెండేళ్లు ఇట్లనే పొగుడుకుంటా వచ్చినా. పోయిన ఎండాకాలం బిల్లు కట్టే పేజీ ఒకటి తెలుగులో చేసినారు. వ్యూయర్లో హెడింగులు, లేబుళ్లు, ఎర్రర్ మెసేజులు అన్నీ చక్కగా తెలుగులో కనపడినాయి, పాస్ అని రాసేసినా. ఆదోనిలో మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు, అన్నకి చూపు లేదు, రోజూ ఎన్‌వీడీఏతోనే పని, లింక్ పంపి చూడమన్నా. పది నిమిషాలకే ఫోన్. "ఏం పాపా, వేరే తెలుగు పేజీలు బాగానే చదువుతాంది, మీదాంట్లో మాత్రం అంకెలు తప్ప నాకేమీ అర్థం కాలే" అన్నాడు. నమ్మలేక సౌండ్ పెట్టి విన్నా. నా లాప్‌టాప్‌లో విండోస్ ఇంగ్లీష్ వాయిస్, తెలుగు ముక్క వచ్చినచోటల్లా మౌనం, మధ్యలో కట్టాల్సిన మొత్తం ఒకటి పలుకుతుంది, మళ్లీ మౌనం. కట్టాల్సింది ఎంతో తెలుస్తుంది, దేనికో తెలియదు. చాలా బాధేసింది, ఆ పేజీకి పాస్ రాసింది నేనే కదా.

కారణం చూస్తే పేజీ కోడ్ హెచ్‌టీఎంఎల్‌లో, పేజీ ఏ భాషదో చెప్పే లాంగ్ అనేచోట ఇంకా "ఈఎన్" (ఇంగ్లీష్) అనే ఉంది, ఇంగ్లీష్ పేజీ కాపీ చేసి మాటలు మాత్రం మార్చినారు. అది "టీఈ" (తెలుగు) చేయించి, నా దగ్గర సింథసైజర్, అంటే టెక్స్ట్‌ని గొంతుగా మార్చేది, ఎన్‌వీడీఏతోనే వచ్చే ఈస్పీక్‌కి మార్చినాక తెలుగు పలికింది. గొంతు మిషన్ మాదిరి ఉంటుంది, అయినా అర్థమవుతుంది. స్పీచ్ వ్యూయర్ చూపించేది వాయిస్‌కి పంపిన టెక్స్టే, బయటికొచ్చిన శబ్దం కాదు, ఇంత చిన్న సంగతి తెలిసేకి నాకు రెండేళ్లు పట్టింది.

అయినా దీన్ని వదల్లేదు. నా పని అంతా విండోస్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మీదనే, డబ్బులు పెట్టి కొనాల్సిన ఇంకో స్క్రీన్ రీడర్ జాస్ కొనే బడ్జెట్ మా టీంకి లేదు, దాని ఫ్రీ మోడ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది, మళ్లీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల. క్లయింట్ జాసే కావాలంటే మీకు వేరే దారి లేదు, మాక్, ఐఫోన్ అయితే వాటిలోనే ఉండే రీడర్ వాయిస్ ఓవరే. అట్లాంటివి లేకపోతే దీంతోనే మొదలుపెట్టండి అంటా. నేనైతే ఇప్పుడు తెలుగు పేజీ టికెట్ వస్తే పిల్లోడు లేచేదాకా పక్కన పెడతా, సౌండ్ పెట్టి విన్నాకే పాస్ రాస్తా.