సైకియాట్రీ నర్సుకు మొదటి ఉద్యోగం: పెద్దాస్పత్రి మేలా, డీ-అడిక్షన్ సెంటర్ మేలా?

సైకియాట్రిక్ నర్సింగ్ పూర్తయ్యాక మాకు ముందుగా ఫోన్లొచ్చింది ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల నుంచే. "రేపే జాయినవ్వమ్మా" అన్నారు. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు లాంటి ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో చేరాలంటే నోటిఫికేషన్ పడాలి. ఇంట్లో అప్పులుంటే అంతదాకా ఆగడం కష్టమే. నేనూ ఆగలేదు.

అయినా ఇప్పుడడిగితే నా ఓటు పెద్దాస్పత్రికే, అదీ రాత్రి డ్యూటీ కోసం. నేను చేరిన చిన్న సెంటర్‌లో రాత్రిపూట నేనూ ఒక వాచ్‌మనూ, అంతే. సైకియాట్రిస్టు ఫోన్లోనే. తాగుడు మానేసిన రెండు మూడు రోజులకు మనిషి వణుకుతూ, చెమటలు కారుతూ, గోడ మీద పురుగులున్నాయంటే అది డెలీరియం, అంటే మతి తప్పిన స్థితి, ప్రాణం మీదికి రావచ్చు. భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ పడ్డాక మెడ ఒక పక్కకు మెలి తిరిగితే నటన కాదు, ఆ మందు దుష్ప్రభావం. మూడ్ నిలకడగా ఉంచే లిథియం వాడే మనిషికి వాంతులు, తూలుడు మొదలైతే, మందు ఒంట్లో ఎక్కువైందేమోనని తర్వాతి డోసు ఆపి డాక్టర్ని లేపాలి. పరీక్షలో ఇవన్నీ రాసే పాసయ్యాం. కానీ రాత్రి రెండింటికి కళ్లెదుట జరుగుతుంటే పక్కన వార్డులో తలపండిన సిస్టర్ ఒకరుండాలి.

ఇంకో లాభం: తెలంగాణలో 2024 నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులైతే, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 ఇచ్చారు. రెగ్యులర్ పోస్టు వచ్చాక మాత్రం సైకియాట్రీలోనే వేస్తారన్న గ్యారంటీ లేదు.

పేషెంటుతో కూర్చుని మాట్లాడటం మాత్రం నాకు సెంటర్‌లోనే అబ్బింది. పదిమందే ఉంటారు, ఇంటివాళ్లూ మన దగ్గరికే వచ్చి గోడు చెప్పుకుంటారు. పెద్ద వార్డులో మందులు పంచి, కేస్ షీట్లు రాసేసరికే షిఫ్ట్ అయిపోతుంది.

టెలీ మానస్ 14416 (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) లాంటి ఫోన్ సేవల్లో ఉద్యోగాలు తర్వాత చూసుకోవచ్చు. మనిషిని చూడకుండా గొంతును బట్టే పరిస్థితి పోల్చుకోవడం కొత్తవాళ్ల పని కాదు.

సెంటర్‌కే వెళ్లాల్సి వస్తే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా మూడు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉందా? రాత్రి డాక్టర్ ఎవరు? పేషెంటును కట్టేయాల్సి వస్తే ఎక్కడ రాస్తారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శిక్షగా కట్టేయకూడదు. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, ఎందుకో, ఎంతసేపో రాయాలి. ఆ రికార్డు చూపించమంటే నవ్వేశారా, లేచి వచ్చేయండి. మూడింటికీ సూటిగా జవాబు చెబితే, నోటిఫికేషన్ పడేదాకా అక్కడ నిశ్చింతగా చేయొచ్చు.