థ్యాంక్స్‌గివింగ్ వేట ప్యాకేజీ: గైడ్‌కి 5 స్టార్లు, రాంచ్ ఆఫీసుకి 1, ఫ్రీ యాప్‌కి 5

2025 థ్యాంక్స్‌గివింగ్ వీకెండ్‌కి టెక్సాస్‌లో కెర్విల్ దగ్గర ఒక రాంచ్‌లో 3 రోజుల వేట ప్యాకేజీ తీసుకున్నాం. నేను, జెర్సీ నుంచి మా బావ, మా టీంలో పనిచేసే ఒక తమ్ముడు, ముగ్గురం. రాంచ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే అక్కడి గైడ్ పెద్దాయన చాలా మంచోడు, ఆఫీసులో కూర్చున్నోళ్ళు చేసిన దానికి ఆయన కడుపు కొట్టడం నాకు ఇష్టం లేదు. పేరు లేకపోయినా పర్లేదు, ఇక్కడ రాసేది ఏ రాంచ్‌కి ఫోన్ చేసినా పనికొస్తుంది.

బుక్ చేసేటప్పుడు ఫోన్లో రాంచ్ ఆఫీసు ఆవిడ చెప్పింది రెండే ముక్కలు, పందులకి లైసెన్సే అక్కర్లేదు, యాక్సిస్ అనే జింకకి సీజనే లేదు, డిపాజిట్ కట్టి వచ్చేయండి మిగతావన్నీ మేం చూసుకుంటాం అని. రెండూ నిజమే అండీ, అదే కదా బాధ. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట దొరికిపోయేవాళ్ళు, నిజాలే కాబట్టి మేం కూడా తలూపి డబ్బులు కట్టేశాం. ఆ డిపాజిట్ వెనక్కి రాదు అని ఈమెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, అది తర్వాత చూసుకున్నాం.

ముందు పందుల సంగతి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో ఓనరు ఒప్పుకుంటే ఫెరల్ హాగ్స్‌ని, అంటే అడవి పట్టిన పందుల్ని, కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, పంటలు నాశనం చేస్తున్నాయని ఆ రూలు తీసేశారు. మా తమ్ముడు దానికే సంబరపడిపోయాడు, నాకు పంది చాలన్నా, లైసెన్స్ డబ్బులు మిగిలాయి అన్నాడు. కానీ వాడు హెచ్‌వన్‌బీ మీద ఉన్నాడు. ఇక్కడ మనోళ్ళు చాలామందికి తెలియని ముక్క ఏంటంటే, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినోళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం 922వ సెక్షన్‌లో ఉంది, దానికున్న మినహాయింపుల్లో మనకి అందుబాటులో ఉండేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే పందికి లైసెన్స్ అక్కర్లేదు అని టెక్సాస్ అంటుంది, తుపాకీ ముట్టుకోవాలంటే వీడికి లైసెన్స్ కావాలి అని ఢిల్లీ, అదే వాషింగ్టన్, అంటుంది. రాంచ్ వాళ్ళ తుపాకీ అద్దెకి తీసుకున్నా, మనది కాదు కదా అంటే కుదరదు, చేతిలో ఉంటే చాలు. ఆవిడని మళ్ళీ ఫోన్ చేసి అడిగితే, మాకు ఇంతవరకు ఎవరూ ఇది అడగలేదండీ అంది. అడక్కుండా ఎంతమంది కొట్టేసి వెళ్ళిపోయారో మరి. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు. వీసా మీద ఉన్నోళ్ళు మాత్రం ఒకసారి లాయర్‌ని అడిగి కదలండి, ఒక పంది కోసం వీసా స్టాంపింగ్ దగ్గర తల పట్టుకోవడం ఎందుకు. ఇంకోటి, టెక్సాస్‌లో ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి అయిపోతుంది, ఇంట్లో అల్మరాలో తుపాకీ ఉన్న హెచ్‌వన్‌బీ వాళ్ళు ఆ తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా పెట్టుకోవాలి.

సరే లైసెన్స్ తీసుకుందాం అంటే వీడు చికాగో నుంచి డల్లాస్ వచ్చి మూడు నెలలే. టెక్సాస్ రెసిడెంట్ రేటు కావాలంటే ఇక్కడ 6 నెలలకి పైన ఉండాలి. నాకు రెసిడెంట్ సూపర్ కాంబో 68 డాలర్లు, చేపలు పిట్టలు అన్నీ కలిపి, అదే బయటి రాష్ట్రం వాళ్ళకి జనరల్ హంటింగ్ లైసెన్స్ 315. మా బావ ఆ 315 చూసి, జింక కొట్టడానికా కొనడానికా అన్నాడు. అప్పుడు దొరికింది 5 రోజుల స్పెషల్ లైసెన్స్, 48 డాలర్లు, దాని మీద వైట్‌టెయిల్, అంటే ఇక్కడి తెల్లతోక జింక, కొట్టకూడదు గానీ ఎగ్జాటిక్స్, అంటే బయటి నుంచి తెచ్చిన జంతువులు, కొట్టొచ్చు. యాక్సిస్ ఎగ్జాటికే, పంది కూడా అందులోకే వస్తుంది. ఇద్దరికీ చెరో 48తో అయిపోయింది. రాంచ్ వెబ్‌సైట్‌లో మాత్రం నాన్ రెసిడెంట్లకి 315 అని ఒకటే లైను ఉంది, అదొక్కటి చదివి వెనక్కి తగ్గినోళ్ళు ఎందరో.

ఇవన్నీ నాకు ఎక్కడ దొరికాయంటే టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ అవుట్‌డోర్ యాన్యువల్ యాప్‌లో. ఫ్రీ. కౌంటీ పేరు కొడితే ఆ కౌంటీలో ఏ జంతువుకి ఏ తేదీ నుంచి ఏ తేదీ, ఎన్ని, ఏ ఆయుధంతో అని మొత్తం వస్తుంది, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, ఆ కొండల్లో సిగ్నల్ అనే మాటే లేదు కాబట్టి అది పెద్ద విషయం. 2025-26 సీజన్‌కి వైట్‌టెయిల్ జనరల్ తేదీలు నార్త్ జోన్‌లో నవంబర్ 1 నుంచి జనవరి 4, సౌత్ జోన్‌లో జనవరి 18 దాకా. నవంబర్ మొదటి శనివారం మొదలు అని గుర్తుపెట్టుకుంటే చాలు. కానీ జోన్ చూసి ఆగిపోతే పప్పులో కాలేసినట్టే, కౌంటీ చూడాలి. అంతకు ముందు ఏడాది ఒక కొలీగ్ వాళ్ళు వేటకి లీజుకి తీసుకున్న పొలానికి, లా గ్రాంజ్ వైపు, ఫయెట్ కౌంటీ, వెళ్దామనుకున్నాం, అక్కడ కొమ్ముల రూలు ఉంది, మగదాన్ని కొట్టాలంటే కనీసం ఒక కొమ్ము చీలికల్లేకుండా ఒకే పుల్లలా ఉండాలి, లేదంటే రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి. వంద గజాల దూరంలో టేపు ఎవడు పెడతాడు అంటే దానికో కిటుకు ఉంది, జింక చెవులు నిక్కబొడిచి చూసేటప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకి దాదాపు 13 అంగుళాలు, కొమ్ములు ఆ చెవులు దాటి బయటికి ఉంటే సరే, లోపలుంటే వేలు ట్రిగ్గర్ మీంచి తీసెయ్. చదవగానే నాకు భలే నచ్చింది.

హంటర్ ఎడ్యుకేషన్ గురించి కూడా ఆఫీసు వాళ్ళు నోరెత్తలేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళందరికీ ఆ కోర్సు ఉండాలి. 17 దాటినోళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, నేనూ తమ్ముడూ చేసేశాం, అంత కష్టం కాదు, తుపాకీ వెంట ఉన్నప్పుడు కంచె ఎలా దాటాలి లాంటివి నిజంగా పనికొచ్చాయి. మా బావ మాత్రం రేపు రేపు అంటూ ఫ్లైట్ ఎక్కే రోజు దాకా లాగి చివరికి 10 డాలర్లు కట్టి డిఫరల్ తీసుకున్నాడు, అంటే ఆ లైసెన్స్ ఏడాది వరకు కోర్సు వాయిదా, కాకపోతే కోర్సు చేసిన లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ళు పిలిస్తే పలికే దూరంలో పక్కనే ఉండాలి. దాంతో బావ బ్లైండ్‌లో, అంటే జంతువుకి కనపడకుండా దాక్కునే గూడులో, నేను కూర్చోవాల్సొచ్చింది, మూడు పూటలు ఆయన గురక నాకే.

ఇక యాక్సిస్. పేరు కొత్తగా ఉంటుంది గానీ అది మన చుక్కల దుప్పే అండీ, 1930ల్లో టెక్సాస్ తెచ్చి వదిలారు, ఇప్పుడు ఈ కెర్విల్ చుట్టుపక్కల హిల్ కంట్రీలో రోడ్డు పక్కన మేకల్లా మేస్తుంటాయి. రాంచ్ రేట్ల పట్టికలో దాని కిందే బ్లాక్‌బక్, అంటే కృష్ణజింక, ఫోటో పక్కన డాలర్లు. మాది నంద్యాల వైపు, రోళ్ళపాడు దగ్గర చేలల్లో కృష్ణజింకలు పడి శనగ మేసిపోతుంటే మా మేనమామ డబ్బా కొట్టుకుంటూ తిరిగేవాడు తప్ప రాయి విసరాలన్నా భయం, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక దాని మీద చెయ్యేస్తే జైలే. ఆంధ్రాకి రాష్ట్ర జంతువు అది, తెలంగాణకి చుక్కల జింక. ఇక్కడ రెండూ మెనూ కార్డులో ఉన్నాయి. బావ ఆ పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత కృష్ణజింక మాత్రం వద్దులే అన్నాడు, నేను కూడా వద్దనే అనుకున్నా, ఎందుకో అడక్కండి, దుప్పికి లేని సెంటిమెంటు దానికి ఎందుకొచ్చిందో నాకూ తెలీదు.

యాక్సిస్‌కి చట్టం ప్రకారం సీజన్ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు, లైసెన్స్ ఉంటే చాలు. కానీ కొమ్ములకి సీజన్ ఉంటుంది కదా! యాక్సిస్ మగవి ఎక్కువ శాతం వేసవిలో, మే నుంచి ఆగస్టు మధ్య, గట్టి కొమ్ములతో ఉంటాయి, ఎదకి వచ్చేది కూడా అప్పుడే. నవంబర్‌లో వెళ్తే చాలా వాటికి కొమ్ములు రాలిపోయి ఉంటాయి లేదా పైన వెల్వెట్ తోలుతో కొత్తవి మొలుస్తుంటాయి. మాకు అమ్మింది "ట్రోఫీ యాక్సిస్ ప్యాకేజీ", బావ గోడకి తగిలించుకుంటానని జెర్సీలో స్థలం కూడా చూసుకుని వచ్చాడు. మొదటిరోజు సాయంత్రం గైడ్ పెద్దాయనే చెప్పాడు పాపం, ఈ నెలలో మిమ్మల్ని దీనికి ఎవరు రమ్మన్నారు, జూన్‌లో రావాల్సింది అని. ఆఫీసుకి 1 ఇచ్చింది ముఖ్యంగా దీనికే. ఆ రోజు చూసిన మందలో మూడు మగవి, ఒకటి బోడిది, రెండు వెల్వెట్‌లో. బావ ట్రోఫీ మానేసి ఆడ దుప్పికి మారాడు, దాని ఫీజు తక్కువ కాబట్టి తేడా వెనక్కివ్వమంటే వచ్చేసారికి క్రెడిట్ ఇస్తాం అన్నారు.

శుక్రవారం తెల్లారుజామున నా వైట్‌టెయిల్. జింకకి చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కొట్టాలి, ఆ రోజు సూర్యోదయం 7:10 ప్రాంతం, మేం ఆరున్నరకల్లా బ్లైండ్‌లో. ఎదురుగా ఫీడర్ ఉంది, టైమరు పెట్టిన డ్రమ్ము, టైముకి గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చల్లుతుంది. ప్రైవేటు భూమిలో జింకకి ఇలా మేత వెయ్యడం టెక్సాస్‌లో తప్పు కాదు, అదే గువ్వల వేటకి మేత వేస్తే ఫెడరల్ కేసు, ఒకే పొలంలో రెండు న్యాయాలు. వెలుగొచ్చాక ఎనిమిది కొనల మగది ఒకటి వచ్చింది, గైడ్ బైనాక్యులర్స్‌లో చూసి తల ఊపాడు, కొట్టాను, అరవై గజాలు నడిచి పడింది. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. లైసెన్స్ పొడుగు కాగితం కింద ట్యాగులు ఉంటాయి, ఒకటి చించి దాని మీద నెల, తేదీ గడుల్ని కత్తితో కోసి తీసెయ్యాలి, పెన్నుతో గుండ్రం చుడితే చెల్లదు, రాంచ్ పేరు, కౌంటీ పేరు రాయాలి, లైసెన్స్ వెనక లాగ్ కూడా నింపాలి. చలికి పెన్ను రాయట్లేదు, నోట్లో పెట్టుకుని ఊదుతున్నా, కత్తితో 28 దగ్గర గాటు పెట్టబోతే చెయ్యి వణికి 27 అంచు కూడా తెగింది. పెద్దాయన నవ్వి, ఊపిరి పీల్చుకో బాబూ అది ఎక్కడికీ పారిపోదు ఇంక అన్నాడు. ట్యాగుని కొమ్ముకి ప్లాస్టిక్ టైతో కట్టాకే జంతువుని కదిలించనిచ్చాడు. ఆయనకి 5 అందుకే. డిజిటల్ లైసెన్స్ తీసుకున్నోళ్ళు ఈ గాట్ల గొడవ లేకుండా టెక్సాస్ హంట్ అండ్ ఫిష్ యాప్‌లో అక్కడికక్కడే రిపోర్ట్ చెయ్యాలి.

బస గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బంకు మంచాలు, హీటరు ఒక గదిలోనే. తిండి వాళ్ళదే, బ్రిస్కెట్ బాగుంది, తమ్ముడు బీఫ్ తినడు కాబట్టి మూడు రోజులూ గుడ్లూ బ్రెడ్డూ, మేం తెచ్చుకున్న ఆవకాయ. కాంట్రాక్టులో ఒక లైను మాత్రం చదివే సంతకం పెట్టండి, రక్తం చుక్క కనపడితే జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి ఫీజు అని. ఇది చాలా రాంచుల్లో ఉండేదే, తప్పనను, తమ్ముడికి అది తెలిసి చీకటి పడే వేళ దూరం ఉన్న పందిని వదిలేశాడు, మర్నాడు దగ్గర్లో వచ్చినదాన్నే కొట్టాడు. మంచి పని చేశాడు.

మాంసం ప్రాసెసింగ్ కెర్విల్‌లో ఒక షాపులో చేయించాం. ఎముక తీయించి ప్యాక్ చేయించండి, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకలకి వచ్చే రోగం భయంతో చాలా రాష్ట్రాలు జింక జాతి తలలు, వెన్నెముకలు బయటి నుంచి రానివ్వవు, బావ ఐస్ పెట్టెతో ఫ్లైట్ ఎక్కాలి కాబట్టి ముందే అడిగి పెట్టుకున్నాం. వచ్చే దారిలో గ్వాడలూప్ నది ఒడ్డున జూలై 4 వరదకి పడిన చెట్లు కొన్నిచోట్ల ఇంకా అలాగే ఉన్నాయి, ఆ ఊళ్ళో నాలుగు డాలర్లు ఖర్చు పెట్టినందుకు మాత్రం బాధ లేదు.

దుప్పి మాంసం అయితే ఏమాటకామాటే చెప్పాలి, వైట్‌టెయిల్ కంటే ఎన్నో రెట్లు బాగుంది, నీచు లేదు, కొవ్వు అస్సలు లేదు కాబట్టి మటన్ లాగా నూనె తగ్గిస్తే రబ్బరైపోతుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, కుక్కర్‌లో కాకుండా సన్న సెగ మీద గంటన్నర ఉడికించింది మా ఆవిడ, చివర్లో ధనియాల పొడి, మిరియాలు. రాగిసంకటితో తిన్నాం.

ఆ రాంచ్‌కి మళ్ళీ వెళ్తానా అంటే, గైడ్ పెద్దాయన సొంతంగా చేస్తే వెళ్తా. నిన్న బావ ఫోన్ చేసి, జూన్‌కి టికెట్లు చూస్తున్నా, గోడ ఇంకా ఖాళీగానే ఉంది, ఆ 48 లైసెన్సు మళ్ళీ తీసేసుకుంటా, 10 డాలర్ల కాగితం ఎలాగూ ఉంది అన్నాడు. ఆ కాగితం ఆగస్టు 31 దాకానే బావా, ఆ డిఫరల్ జీవితంలో ఒక్కసారే, ముందు కూర్చుని కోర్సు పూర్తి చెయ్యి అన్నా. రేపు చేస్తాలే అన్నాడు.