ఫైల్ సిస్టమ్ రూపకల్పన కోర్సు కొనబోయేవారికి హెచ్చరిక

డిస్కుపై ఫైళ్లను అమర్చి వాటి లెక్క చూసే ఫైల్ సిస్టమ్‌ను ఎలా రూపొందిస్తారో నేర్చుకోవాలని గత నెల 6,500 రూపాయలు చెల్లించి ఒక వీడియో కోర్సు కొన్నాను. ఐనోడ్ నుంచి జర్నలింగ్ వరకు అన్నీ నేర్పుతామని ప్రకటన. తీరా చూస్తే, 18 పాఠాల్లో 13 డిస్కును విభజించడం, ఫార్మాట్ చేయడం, మౌంట్ చేయడం (వాడకానికి సిస్టమ్‌కు జోడించడం) గురించే. వంట నేర్పుతామని పిలిచి వడ్డన నేర్పినట్లయింది.

జర్నలింగ్‌కు దక్కినది ఒకే ఒక స్లైడు. నిజానికి ఈ విద్యకు ఆయువుపట్టు అక్కడే ఉంది. ఫైలు చివర ఒక బ్లాకు (డిస్కులో ఒక చిన్న గడి) చేర్చాలంటే సాధారణంగా డిస్కుపై మూడు చోట్ల రాయాలి: ఖాళీ బ్లాకుల లెక్క ఉండే బిట్‌మ్యాప్, ఫైలు వివరాలుండే ఐనోడ్, అసలు డేటా. మధ్యలో కరెంటు పోయి ఐనోడ్ ఒక్కటే డిస్కుకు చేరితే, ఫైలు తెరిచినప్పుడు ఆ బ్లాకులోని పాత చెత్త కనబడుతుంది. పైగా ఆ బ్లాకు ఖాళీగానే ఉందనుకొని దానిని మరో ఫైలుకు కేటాయించే ప్రమాదమూ ఉంటుంది. బిట్‌మ్యాప్ ఒక్కటే చేరితే ఆ చోటు ఎవరికీ కాకుండా పోతుంది. అందుకే మార్పులను ముందుగా చిట్టాలో రాసుకొని, తరువాతే అసలు చోట రాస్తారు; ఇదే జర్నలింగ్. దీని గురించి అడిగితే బోధకుడు ‘ఎఫ్ఎస్‌సీకే (డిస్కులోని పొరపాట్లను వెతికి సరిచేసే ప్రోగ్రాం) నడపండి’ అని తేల్చేశారు. డిస్కంతా గాలించే ఆ పని చాలా ఆలస్యమవుతుందనే కదా జర్నలింగ్ వాడుకలోకి వచ్చింది!

చివరి పాఠాల్లోని బొమ్మలు ‘ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్’ నుంచి ఎత్తినవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రాసిన ఆ పుస్తకం అధ్యాయాలవారీగా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డబ్బు వెనక్కి అడిగితే, మూడో వంతు పాఠాలు చూసేశారు కాబట్టి కుదరదన్నారు.

కొనేముందు, రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందో వివరించే పాఠాన్ని నమూనాగా చూపమని అడగండి. అసలు కొననవసరమే లేదని ఇప్పుడు నా అభిప్రాయం. బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫైల్ సిస్టమ్‌పై డొమినిక్ జియాంపాలో 1999లో వెలువరించిన పుస్తకాన్ని రచయితే ఉచితంగా అందుబాటులో ఉంచారు. జెడ్ఎఫ్ఎస్ వంటి తరువాతి ఫైల్ సిస్టమ్‌లు అందులో ఉండవు గానీ, ఒక ఫైల్ సిస్టమ్‌ను నిర్మించినవాడే చెప్పే సంగతులు మరెక్కడ దొరుకుతాయి? చేత్తో కోడ్ రాయాలనుకుంటే బోధన కోసం ఎంఐటీ వారు రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 ఉంది. అందులో ఒక ఫైలు 268 బ్లాకులకు మించదు; రెండంచెల పరోక్ష బ్లాకుతో (మరిన్ని బ్లాకుల చిరునామాలను రెండు మెట్లలో దాచే బ్లాకుతో) ఆ పరిమితిని పెంచడం అక్కడి విద్యార్థులకిచ్చే అభ్యాసం. నాకు ఆ 18 పాఠాలకన్నా ఈ ఒక్క అభ్యాసమే ఎక్కువ నేర్పింది.

అదే కోర్సును ఇప్పుడు ‘స్టోరేజ్ ఇంజనీరింగ్’ అని పేరు మార్చి 9,000 రూపాయలకు అమ్ముతున్నారు. పాఠాల పట్టికలో మొదటి 13 మౌంట్, ఫార్మాట్ చుట్టూనే తిరుగుతుంటే అది ఇదేనని గుర్తించండి.