బాల్టిమోర్: కోట చూడండి, పీతలు తినండి, రేవు ఒడ్డు హోటలు మాత్రం వద్దు

అమెరికాలోని బాల్టిమోర్ రేవు ఒడ్డున మేము దిగిన హోటలు పేరు రాయను గాని, అది మా దగ్గర డబ్బు గుంజిన తీరు రాయకుండా ఉండలేను. 2024 అక్టోబరులో, వర్జీనియాలో ఉంటున్న మా అబ్బాయి రాత్రికి 139 డాలర్లన్న ధర చూసి గది తీసుకున్నాడు. తీరా వెళ్లాక ‘సౌకర్యాల రుసుము’ పేరిట 25 డాలర్లు, కారు నిలిపినందుకు 48 డాలర్లు, వాటిపై పన్నులూ కలిసి బిల్లు 240 డాలర్లయింది. ఆ సౌకర్యాలేమిటని అడిగితే రెండు మంచినీళ్ల సీసాలు, మేము అడుగైనా పెట్టని వ్యాయామశాల అని కౌంటరులోని ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది. కిటికీలోంచి రేవు కనిపిస్తుందన్న మాట నిజమే, పక్క భవనం గోడ దాటేలా మెడ చాచగలిగితే. “ఇక్కడ ఇవన్నీ మామూలే నాన్నా” అని అబ్బాయి సర్దిచెప్పబోయేసరికి మా శ్రీమతికి ఇంకా ఒళ్లు మండి, ఆ రాత్రి మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఇలాంటి తప్పనిసరి రుసుములను మొదటి ధరలోనే కలిపి చూపాలన్న అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన 2025 మే నుంచి అమలులోకి వచ్చింది. అయినా పార్కింగు సంగతి విడిగా అడిగి తెలుసుకోవడం మేలు.

ఊరి నడుమనున్న ఇన్నర్ హార్బర్ రేవును చూస్తే ఆ ధరలకు తగిన కళ అక్కడ లేదనిపించింది. 1729లో పట్టణంగా ఏర్పడి, పొగాకు, పిండి ఎగుమతులతోనూ ఓడల నిర్మాణంతోనూ ఎదిగిన ఈ ఊరి రేవు, పాత గిడ్డంగులు పాడుబడ్డాక, 1980లో హార్బర్‌ప్లేస్ అనే దుకాణాల సముదాయం, 1981లో నేషనల్ అక్వేరియం తెరవడంతో మళ్లీ పేరు తెచ్చుకుంది. మేము వెళ్లేసరికి హార్బర్‌ప్లేస్‌లో చాలా దుకాణాలు మూతబడి ఉన్నాయి. 1854 నాటి కాన్‌స్టెలేషన్ తెరచాప యుద్ధనౌకను ఒడ్డునుంచి చూసి వచ్చేశాము.

ఫోర్ట్ మెక్‌హెన్రీ కోట మాత్రం పెద్దవారికి 15 డాలర్ల టికెట్టుకు పూర్తిగా న్యాయం చేసింది. పదహారేళ్లలోపు పిల్లలకు ఉచితం. అమెరికాతో యుద్ధంలో భాగంగా 1814 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకలు సుమారు 25 గంటలపాటు ఈ నక్షత్రాకారపు కోటపై గుండ్లు కురిపించినా, కోట ఫిరంగులకూ, రేవు దారిలో స్థానికులు కావాలని ముంచిన ఓడలకూ జంకి దూరంగానే ఆగిపోయాయి. మేరీ పికర్స్‌గిల్ కుట్టించిన, 42 అడుగుల పొడవూ 30 అడుగుల వెడల్పూ గల అమెరికా జెండా తెల్లవారాక కోటపై ఎగురుతుండడం చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే న్యాయవాది రాసిన గీతమే 1931లో అమెరికా జాతీయ గీతమయింది. ఉదయమే వెళ్లండి: జెండా ఎగరవేసేటప్పుడు రేంజర్లు సందర్శకుల చేత కూడా పట్టిస్తారు. మా శ్రీమతి కూడా ఒక అంచు పట్టుకున్నారు. హోటలు మీది కోపం అక్కడ సగం దిగింది.

ఆ కవి పేరు పెట్టిన వంతెనను 2024 మార్చి 26న డాలీ అనే సరుకుల నౌక ఢీకొని కూల్చింది. వంతెనపై రోడ్డు మరమ్మతులు చేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. నౌకా సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే; వారు ముందే పంపిన ఆపద సందేశం అందుకొని పోలీసులు వాహనాలను ఆపేయకపోతే నష్టం ఇంకెంత ఉండేదో.

మిగతా సగం కోపం ఫెల్స్ పాయింట్‌లో దిగింది. తరువాత బానిసత్వంపై పోరాడి పేరుపొందిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్, తాను బానిసగా ఉన్నప్పుడు ఓడల కర్మాగారాల్లో పనిచేసింది ఈ పేటలోనే. 1838లో నావికుడి వేషంలో రైలెక్కి తప్పించుకున్నాడు. రాళ్లు పరచిన ఆ వీధుల్లో ఒక చిన్న భోజనశాలలో ఆవిరిపై ఉడికించిన పీతలు అర డజను 54 డాలర్లకు తీసుకున్నాము. బల్లపై కాగితం పరిచి, కొయ్య సుత్తి చేతికిచ్చి, మసాలా దట్టంగా అద్దిన పీతలను కుమ్మరించి పోతారు. నాజీల బారినుంచి పారిపోయి వచ్చిన గుస్తావ్ బ్రున్ ఈ ఊళ్లో తయారుచేసిన ఓల్డ్ బే మసాలాకు ఇక్కడివారు ప్రాణం పెడతారు. కాకినాడ పీతల ఇగురు తిని పెరిగిన మా శ్రీమతి, ఉప్పు ఎక్కువైందని అంటూనే నాలుగు పీతలు ఒలిచారు. గది కూడా ఈ పేటలోనే చూసుకోండి. శుక్ర, శనివారాల రాత్రుల్లో బార్ల గోల భరించలేనివారు మాత్రం వారం మధ్యలో వెళ్లాలి.