సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొంటున్నారా? "క్లచ్ కొత్తదే" అన్న మాట నమ్మి డబ్బులివ్వకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత ట్రాక్టర్ కోసం తిరుగుతున్న అన్నలకు, తమ్ముళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఖాళీ బండిని యార్డులో రెండు రౌండ్లు తిప్పి చూపించి, "క్లచ్ నెల కిందే వేశాం, ఇంకో నాలుగేళ్లు చూడక్కర్లేదు" అంటారు. ఆ మాట మీద అడ్వాన్సు చేతిలో పెట్టకండి. నేను పెట్టాను. మే నుంచి జులై లోపు బండిని రెండుసార్లు రెండు ముక్కలు (ఇంజిన్ ఒకవైపు, గేర్‌బాక్స్ ఒకవైపు) చేయించాల్సి వచ్చింది. కొన్న ధర కాక ఇంకో 34,000 పోయాయి. దమ్ముల సీజన్‌లో తొమ్మిది రోజులు బండి షెడ్డులోనే ఉంది.

మాది తెనాలి వైపు. బండి 2007 మోడల్, 35 హార్స్‌పవర్, డ్యూయల్ క్లచ్ (బండి నడకకు ఒక ప్లేటు, రోటావేటర్ లాంటివి తిప్పే పీటీవో షాఫ్టుకు ఇంకో ప్లేటు). హైవే పక్కన పాత ట్రాక్టర్లు అమ్మే చోట 2,30,000కు బేరం తెగింది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది, పొగ లేదు, వెనక టైర్లు సగం పైనే ఉన్నాయి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఫైనాన్సు క్లియరెన్సు అన్నీ చూసుకున్నాం. క్లచ్ సంగతి మాత్రం అమ్మేవాళ్ల నోటి మాటే.

ఇంటికొచ్చిన వారానికి చెరువు మట్టి తోలడం మొదలుపెట్టాం. మొదటి రోజు బాగానే లాగింది. రెండో రోజు మధ్యాహ్నం నిండు ట్రాలీతో డొంకలోంచి చేను గట్టు ఎక్కుతుంటే ఇంజిన్ గుయ్యిమని రేసయింది, బండి మాత్రం అంగుళం కదల్లేదు. చక్రం జారి దున్నుకుంటే అర్థముంది, అసలు చక్రమే తిరగలేదు. కాలిన రబ్బరు లాంటి వాసన ముక్కులు పగలగొట్టింది. సగం మట్టి అక్కడే దించితే గానీ బండి గట్టెక్కలేదు.

మా ఊళ్లో మెకానిక్ కుర్రాడు వచ్చి పెడల్ చూశాడు. ప్లే, అంటే క్లచ్ పట్టేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం, అసలు లేదు. ఈ ఒక్కటి అందరూ తెలుసుకోవాలి. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని ఫ్లైవీల్‌కు (ఇంజిన్ వెనక తిరిగే బరువు చక్రం) అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు ఫింగర్లు వెనక్కి జరిగి క్లచ్ బేరింగ్‌ను తాకుతాయి. అప్పుడు మీ కాలు పెడల్ మీద లేకపోయినా బేరింగ్ ఫింగర్లను నొక్కుతూనే ఉంటుంది. అంటే రోజంతా కొంచెం క్లచ్ తొక్కి బండి నడిపినట్టే. మామూలుగా పెడల్‌కి అంగుళం అటూ ఇటూగా ప్లే ఉండాలి. కచ్చితంగా ఎంతనేది మీ బండి పుస్తకంలో ఉంటుంది. కుర్రాడు రాడ్డు సరిచేసి ప్లే ఇచ్చాడు. రెండు రోజులు నడిచి మళ్లీ అదే తంతు.

అప్పుడు గుంటూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ఇంజిన్, గేర్‌బాక్స్ విడదీసి "ప్లేటు పోయింది, కొత్తది వేస్తే అయిపోద్ది" అన్నారు. సాయంత్రానికి వేసిచ్చారు. తెల్ల కాగితం మీద లెక్క రాసి 7,500 తీసుకున్నారు. ఎందుకు పోయిందని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పద్దెనిమిదో రోజున మళ్లీ ఇంజిన్ రేసయింది.

ఈసారి తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం, నలభై ఏళ్లుగా ట్రాక్టర్లే చేస్తున్నాడు. ఆయన పానా పట్టుకోలేదు, ముందు గోనెపట్టా వేసుకుని బండి కిందికి దూరాడు. క్లచ్ హౌసింగ్ అడుగున స్ప్లిట్ పిన్ను వేలాడే చిన్న బెజ్జం ఒకటుంటుంది. అక్కడ చుట్టూ నల్లగా తడి, పిన్ను కొసన ఒక చుక్క. ఆ చుక్కను వేలి మీద పట్టి, రెండు వేళ్ల మధ్య నలిపి, నాకు చూపించాడు.

"ఇది ఇంజినాయిలు అబ్బాయ్. గేర్‌బాక్స్ ఆయిలయితే ఇంత నల్లగా ఉండదు. క్రాంకు వెనక సీలు పోయింది. నూనె కారకుండా ఆపే ఆ సీలు అట్టాగే ఉంచి నువ్వు బంగారం ప్లేటేసినా ఇంతే."

తర్వాత హౌసింగ్ పక్కనున్న చిన్న మూత చూపించాడు. చుట్టూ ఏళ్ల నాటి బురద, గ్రీజు గట్టిగా పేరుకుపోయి ఉంది. ఆ మూత బోల్టుల మీద మాత్రం పానా గీసిన తెల్లటి గాట్లు. గుంటూరు షెడ్డు వాళ్లు మూతను ముట్టుకోలేదు, బండి విడదీశారు కదా వాళ్లకి అవసరం లేదు. అమ్మే ముందు ఎవరో ఆ మూత తీసి లోపలికి పెట్రోల్ కొట్టి ప్లేటు కడిగి ఉంటారని ఆయన మాట. అట్టా కడిగితే నూనె తాత్కాలికంగా పోయి నాలుగైదు రోజులు పట్టు దొరుకుతుంది. ఖాళీ బండికి అది చాలు. (ఇది చదివి ఎవరూ ఇంట్లో పెట్రోల్‌తో ప్రయత్నించకండి, ఒక్క నిప్పురవ్వ చాలు.)

బండి విడదీశాక రెండో మోసం బయటపడింది. "కొత్త ప్లేటు" బయటికి తీస్తే లైనింగ్ (ప్లేటు మీద పట్టునిచ్చే పొర) కొత్తదే, నూనె తాగి అద్దంలా మెరుస్తోంది. కానీ మధ్యలో హబ్ లోపలి పళ్లు చూడండి అన్నాడు పెద్దాయన. టార్చి వేస్తే ప్రతి పన్ను పక్కనా అరిగిన మెట్టు కనపడింది. పద్దెనిమిది రోజుల్లో ఇనుము అంత అరగదు. పాత ప్లేటుకే కొత్త లైనింగ్ రివెట్ చేసి, రంగు వేసి, కొత్తదని బిల్లేశారు. రీలైనింగ్ తప్పని నేననను. చెప్పి వేస్తే, ఆ ధరే తీసుకుంటే అది పద్ధతి. కొత్తదాని డబ్బులు తీసుకుని పాతది బిగించడం దొంగతనం. ఫ్లైవీల్ మీద అంతకుముందు ప్లేటు రివెట్లు కోసిన గాడి గుండ్రంగా వేలికి తగులుతోంది, దాన్నీ అట్టాగే వదిలేశారు.

చివరికి వెనక సీలు, ప్రెషర్ ప్లేటుతో సహా క్లచ్ సెట్టు, క్లచ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్, లేత్ మీద ఫ్లైవీల్ స్కిమ్మింగ్ (గాడి పోయేలా నున్నగా చెక్కడం), కూలీ అన్నీ కలిపి 26,500. ఎటూ బండి విడదీస్తున్నప్పుడు సీళ్లు, బేరింగ్‌లు మార్చకుండా ప్లేటొక్కటే మార్చే షెడ్డుకు వెళ్లకండి. కూలీ మళ్లీ మళ్లీ మీ జేబులోంచే పోతుంది. పాత సామాన్లు అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఆ దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చెడు.

కొనేముందు ఏం చూడాలో పెద్దాయన నాకు చేసి చూపించాడు. బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి, పై గేరు వేసి, తక్కువ రేసులో క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ గుద్దుకుని ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మంచి ప్లేటు కూడా వేడెక్కి పాడవుతుంది. ఇది పాసైనా సరిపోదు, కడిగిన ప్లేటు చల్లగా ఉన్నప్పుడు పట్టుకోవచ్చు. అందుకే లోడు ట్రాలీ తగిలించి, లేదా గొర్రు దించి, అరగంట పని చేయించి అప్పుడు మళ్లీ చూడాలి. అరగంట ఇవ్వనన్నవాడి బండి మనకొద్దు.

డ్యూయల్ క్లచ్ అయితే పీటీవో తిప్పి, షాఫ్టుకు దూరంగా నిలబడి చూడండి. పెడల్ సగం తొక్కితే బండి ఆగాలి, పీటీవో తిరుగుతూ ఉండాలి. పూర్తిగా తొక్కితే అదీ ఆగాలి. బండి బాగానే నడుస్తూ గట్టి నేలలో రోటావేటర్ ఒక్కటే నిలబడిపోతుంటే రెండో ప్లేటు పోయినట్టు. క్లచ్ పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి రివర్సు వేసినా గరగరమంటే క్లచ్ విడవడం లేదు. పెడల్ తొక్కినప్పుడే గీమని అరిస్తే క్లచ్ బేరింగ్ మీద అనుమానం.

అడుగున బెజ్జం మాత్రం తప్పకుండా చూడండి. మన డెల్టాలో దమ్ముకు దిగేటప్పుడు నీళ్లు పోకుండా దాన్ని బిరడాతో మూస్తారు. దమ్ములయ్యాక తీయాలి. తీయకపోతే కారిన నూనె కిందికి రాదు, అంతా ప్లేటుకే. అమ్మకానికి పెట్టిన బండికి ఎండాకాలంలో ఆ బిరడా బిగించి ఉంటే వెంటనే తీయించండి, ఏం కారుతుందో మీ కళ్లతో చూడండి.

బిల్లు విషయం. పేరు, తేదీ, ఏ పార్టు, కొత్తదా రీలైనింగా అని రాసిన బిల్లు తీసుకోండి. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనమూ వినియోగదారులమే. జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు రాసుకుంటారు. నా దగ్గరున్నది తెల్ల కాగితం. దాని మీద షెడ్డు పేరు కూడా లేదు, డబ్బులు ఫోన్‌పేలో కొట్టాను కాబట్టి ఆ ఒక్క ఆధారం మిగిలింది.

యార్డు వాళ్లు "అమ్మినప్పుడు బానే ఉంది కదా" అని ఫోన్ పెట్టేశారు. షెడ్డు వాళ్లు ప్లేటు తెస్తే చూస్తామన్నారు. ప్లేటు గోనెసంచిలో కట్టి పెట్టాను, హబ్ పళ్లు కనపడేట్టు ఫోటోలు తీయించాను. సోమవారం వెళ్తున్నాను.